రైలుకో లెన్స్, కారుకో లెన్స్: విశాఖ నుంచి పిట్టల ఫొటోలకు వెళ్లేవాళ్లు ఏది మోసుకెళ్లాలి?

అరకు మీదుగా వెళ్లే కిరండూల్ రైలు శిమిలిగుడలో ఆగింది. ప్లాట్‌ఫారం పక్క చెట్టు మీద ఎర్రగా ఒక మినివెట్ పిట్ట, రెండు కొమ్మల అవతల పసుపు రంగులో దాని జంట. నా 200-500 లెన్స్ సామాన్ల అరలో బ్యాగులో ఉంది. ఆ బ్యాగు మీద మా అత్తగారిచ్చిన పులిహోర డబ్బా ఉంది. డబ్బా దించి, జిప్పు లాగి, కెమెరాకి లెన్స్ బిగించి కిటికీ దగ్గరికి వచ్చేసరికి రైలు కదిలింది. ఎదురు సీట్లో డిగ్రీ కుర్రాడొకడు మెడలో వేలాడుతున్న చిన్న కెమెరాతో అప్పటికే నాలుగు ఫొటోలు తీసేసుకున్నాడు. "అంకుల్, మీకు పడిందా?" అని అడిగాడు, మర్యాదగానే.

నా సామాను బరువు మూడు కిలోల పైన. వాడిది ఒక కిలో. ఆ రోజు గెలిచింది ఎవరో చెప్పక్కర్లేదు.

అందుకే ఎవరైనా "పిట్టల ఫొటోలకి ఏ లెన్స్ కొనమంటారు?" అని అడిగితే నేను ముందు అడిగేది వేరు. దేంట్లో వెళ్తారు? ఎవరితో వెళ్తారు? ఎంత దూరం నడుస్తారు? ఇంటి దగ్గర, మేఘాద్రి గెడ్డ ఒడ్డునో కంబాలకొండలోనో తీసుకునేవాళ్లకి ఈ ప్రశ్నలతో పెద్దగా పనిలేదు. ఇవాళ కుదరకపోతే రేపు వెళ్తారు, బండి డిక్కీలో ఎంత బరువున్నా పర్లేదు. ఊరు దాటి వెళ్లేవాళ్లకి అలా కాదు. ఉన్నది ఒకటి రెండు పొద్దుటిపూటలు, మోసేది మన భుజమే, పక్కన పిట్టలంటే ఆసక్తి లేని నలుగురు. ఆ లెక్కలోనే ఈ పోలిక రాస్తున్నాను.

ముందు దూరం లెక్క

మార్కెట్లో ప్రయాణానికి పనికొచ్చేవి ప్రధానంగా మూడు రకాలు. లెన్స్ ఊడదీయడానికి వీల్లేని సూపర్‌జూమ్ కెమెరాలు, అంటే బ్రిడ్జ్ కెమెరాలు. క్రాప్ సెన్సర్ (ఫొటో పడే పలక కొంచెం చిన్నది) మిర్రర్‌లెస్ (లోపల అద్దం లేని) బాడీకి 100-400 లాంటి తేలిక లెన్స్. ఈ అంకెలు మిల్లీమీటర్లలో, అంకె పెరిగేకొద్దీ పిట్ట పెద్దదిగా పడుతుంది. ఆపైన 150-600, 180-600, 200-600, 200-500 అనే రెండు కిలోల వర్గం. 500, 600 ప్రైమ్ లెన్సులు (జూమ్ లేనివి) వేరే లోకం. 1,460 గ్రాముల నికాన్ 500 ఎంఎం ఎఫ్/5.6 పీఎఫ్ లాంటివి ఏవో కొన్నే ప్రయాణికుడికి అందేలా ఉంటాయి. మిగతావాటికి కెమెరా బ్యాగుతో పాటు బ్యాంకు బ్యాలెన్సు కూడా బరువుగా ఉండాలి కాబట్టి వాటి జోలికి వెళ్లను.

షాపుల్లో ముందు చూపించేది జూమ్ అంకె. నికాన్ పీ1000కి 125 రెట్లు, అంటే ఫుల్‌ఫ్రేమ్ (పాత ఫిల్మ్ సైజు పెద్ద సెన్సర్) లెక్కలో 24 నుంచి 3000 ఎంఎం. పీ950కి 83 రెట్లు, 2000 ఎంఎం దాకా. ఇది చూశాక 400 ఎంఎం లెన్స్ ఎవరికైనా బొమ్మలా కనిపిస్తుంది. ఒక చిన్న లెక్క వేద్దాం. 20 మీటర్ల దూరంలో కొమ్మ మీద 20 సెంటీమీటర్ల పికిలిపిట్ట కూర్చుంది అనుకోండి. 400 ఎంఎం లెన్స్ దాన్ని సెన్సర్ మీద 4 మిల్లీమీటర్ల పొడవున పడేస్తుంది. కెనాన్ ఆర్7 లాంటి 32 మెగాపిక్సెల్ క్రాప్ బాడీ మీద ఆ 4 మిల్లీమీటర్లంటే దాదాపు 1,250 పిక్సెళ్లు. అదే పిట్టని 24 మెగాపిక్సెల్ ఫుల్‌ఫ్రేమ్ బాడీకి 600 ఎంఎం తగిలించి తీస్తే సుమారు వెయ్యి పిక్సెళ్లే. చేతిలో రెండున్నర కిలోల పైన ఉన్నా పిట్ట చిన్నదే వచ్చింది! ఫుల్‌ఫ్రేమ్‌లో వెలుతురు లాభం ఉంది, కాదనను. కానీ "600 ఉంటేనే పిట్టలు" అనే మాటని ఈ లెక్క ముందు పెట్టి చూడాలి.

పీ1000 సంగతి? దాని లెక్కలో ఆ పికిలిపిట్ట 4,000 పిక్సెళ్ల పొడవున, ఫ్రేమంతా నిండుతుంది. వినడానికి అద్భుతం. కానీ దాని సెన్సర్ చిటికెనవేలి గోరుకన్నా చిన్నది. ఒక్కో పిక్సెల్ సుమారు 1.3 మైక్రాన్లు. పూర్తి జూమ్‌లో లెన్స్ ఎఫ్/8కి మూసుకుపోతుంది (ఎఫ్ అంకె పెరిగేకొద్దీ లెన్స్ కంత చిన్నదై వెలుతురు తగ్గుతుంది). ఎఫ్/8 దగ్గర కాంతి తన స్వభావం కొద్దీ పది మైక్రాన్లకు పైగా చుక్కలా విస్తరిస్తుంది. అంటే ఒక చుక్క ఏడెనిమిది పిక్సెళ్ల మీద పాకుతుంది. కాబట్టి ఆ 4,000లో నిజమైన వివరం చాలా తక్కువ. పిట్ట పెద్దదిగా కనిపిస్తుంది, ఈక మాత్రం ఈకలా కనిపించదు.

ఇంకో చిక్కుంది, అది స్పెసిఫికేషన్ కాగితం మీద ఉండదు. పొద్దున తొమ్మిది దాటాక నౌపడ ఉప్పు మడుల మీదో చెరువు నీటి మీదో గాలి వేడెక్కి అలలు అలలుగా ఊగుతుంది. వంద మీటర్ల అవతలున్న ఉల్లంకి పిట్టని ఎంత జూమ్ చేసినా ఆ ఊగే గాలిలోంచే తీయాలి. ఎంత ఖరీదైన లెన్స్ అయినా అక్కడ ఓడిపోతుంది. ఏం కెమెరాతో అయినా పిట్ట ముప్పై మీటర్ల లోపల ఉన్నప్పుడు తీసిందే ఫొటో. దూరాన్ని జూమ్‌తో జయించాలని చూసేవాళ్లు పిట్ట గుర్తుకోసం తీస్తారు, గోడకి తగిలించడానికి కాదు. గుర్తుకోసం తీయడం తప్పేమీ కాదు. ఆ చిన్న కెమెరాలతో మొదలెట్టి, దూరపు పిట్ట ఏదో తెల్లారి ఫొటోలో చూసి గుర్తుపట్టి, లిస్టు పెంచుకుంటున్నవాళ్లు నాకు తెలుసు. వాళ్లకి బ్రిడ్జ్ కెమెరాయే సరైన ఎంపిక.

బ్రిడ్జ్ కెమెరా ఎవరికి?

కుటుంబంతో వెళ్లేవాళ్లకి. ఈ మాట నేను కొంచెం అయిష్టంగానే రాస్తున్నాను. మా ఆవిడకి, పిల్లలకి, మావయ్య గారికి కలిపి బొర్రా గుహలు, గిరిజన మ్యూజియం, కాఫీ మ్యూజియం, బొంగు చికెన్ అన్నీ ఒకే రోజులో కావాలి. మధ్యలో పిట్ట కోసం అరగంట ఆగండి అంటే మొదటిసారి నవ్వుతారు, రెండోసారి కారెక్కి కూర్చుంటారు. ఒకే కెమెరాతో గ్రూప్ ఫొటో, లోయ, తేనెపిట్ట మూడూ రావాలంటే బ్రిడ్జ్ తప్ప దారి లేదు. పీ950 దాదాపు ఒక కిలో, రా ఫైల్ (తర్వాత ఇంట్లో దిద్దుకోవడానికి వీలైన ముడి ఫొటో) కూడా ఇస్తుంది. పీ1000 దాదాపు 1,415 గ్రాములు. ఆ బరువు మోయడానికి సిద్ధపడితే తర్వాత చెప్పే తేలిక మిర్రర్‌లెస్ జోడీ ఇంకా తక్కువ బరువులో వస్తుంది. అందుకే ఈ వర్గంలో నా ఓటు పీ950కి, పీ1000కి కాదు.

సోనీ ఆర్‌ఎక్స్10 మార్క్ 4 ఇదే జాతిదే గానీ తత్వం వేరు. జూమ్ 24-600 వరకే. కానీ సెన్సర్ వైశాల్యం పీ950 దానికి నాలుగు రెట్లు. పూర్తి జూమ్‌లో కూడా ఎఫ్/4. సెకనుకు 24 ఫొటోలు. ఎగిరే గరుడపక్షిని పట్టగలిగిన బ్రిడ్జ్ నేను చూసినంతలో ఇదొక్కటే. దొరికితే సెకండ్‌హ్యాండ్‌లో చూడండి. జూమ్ మోటారు తడబాటు లేకుండా చివరిదాకా వెళ్లి వస్తుందో లేదో షాపులోనే పదిసార్లు నొక్కి చూసి తీసుకోవాలి.

ఫోనుతో? అడవి, గూడు కట్టిన చెట్టు, పడవ, నాయుడుగారి టీ కొట్టు, ఇవి ఫోనుతోనే బావుంటాయి. పిట్టలు వదిలేయండి.

తేలిక జోడీ: నా చేతిలో ఎక్కువసార్లు ఉండేది

ఆర్7 బాడీ 612 గ్రాములు, ఆర్‌ఎఫ్ 100-400 లెన్స్ 635 గ్రాములు. మొత్తం కిలోంపావు. ఫుల్‌ఫ్రేమ్ లెక్కలో 160-640. అంత బరువు భుజాన రోజంతా ఉన్నా సాయంత్రం ఎవరితోనూ గొడవపడబుద్ధి కాదు. ఇంకో సుఖం ఏమిటంటే ఇది 88 సెంటీమీటర్ల దగ్గరికి కూడా ఫోకస్ చేస్తుంది. పిట్ట రాని మధ్యాహ్నం సీతాకోకచిలుకలతో, తూనీగలతో కాలక్షేపం అవుతుంది. ఓఎం సిస్టమ్ వాళ్ల మైక్రో ఫోర్ థర్డ్స్ (క్రాప్ కన్నా ఇంకా చిన్న సెన్సర్) బాడీ, 100-400 కలిపితే కిలో ఏడు వందల గ్రాములు, 800 ఎంఎం దాకా చేరుతుంది, చినుకులకి కూడా తట్టుకుంటుంది. వానాకాలం అరకు తిరిగేవాళ్లు ఆ వైపు చూడొచ్చు, ఎందుకంటే ఆర్‌ఎఫ్ 100-400కి నీటి నుంచి రక్షణ సీలింగ్ లేదు. నేను వాన పడితే పిల్లల లంచ్‌బ్యాగుకి వేసే పెద్ద పాలిథిన్ కవర్ తొడుగుతాను. చూడ్డానికి దరిద్రంగా ఉంటుంది, పని జరుగుతుంది.

దీని అసలు బలహీనత వేరు: 400 దగ్గర ఎఫ్/8. ఎండలో గుర్తే రాదు. అనంతగిరి కాఫీ తోటల నీడలోకి దిగితే గుర్తొస్తుంది. సిల్వర్ ఓక్ చెట్ల కింద పొద్దున ఏడింటికి ఐఎస్ఓ (వెలుతురుకి సెన్సర్ స్పందించే అంకె) 3200 పెట్టినా షట్టర్ వేగం 1/80 సెకను దాటదు. నేల మీద గెంతే పిట్టకి అది చాలదు. తూర్పు కనుమల్లో ఉండే అబాట్స్ బాబ్లర్ ఉపజాతికి 1985లో మన విశాఖ పక్షి పరిశోధకుడు కె.ఎస్.ఆర్. కృష్ణరాజు గారి పేరు పెట్టారు. గోధుమ రంగు చిన్న పిట్ట, తడి లోయల్లో పొదల అడుగున తిరుగుతుంది. దాన్ని ఎఫ్/8 లెన్స్‌తో తీయాలని రెండు సీజన్లుగా ప్రయత్నిస్తున్నాను. నా దగ్గర ఉన్నవన్నీ గోధుమ రంగు మరకలు.

రెండు కిలోల లెన్సులు ఎప్పుడు మోయాలి?

కారులో వెళ్తే. అంతే. సిగ్మా 150-600 కాంటెంపరరీ 1,930 గ్రాములు. టామ్రాన్ జీ2 2,010. సోనీ 200-600 2,115. నికాన్ 200-500 కాలర్‌తో (ట్రైపాడ్‌కి బిగించే పట్టీ) కలిపి 2,300. బాడీ కలిస్తే మూడు కిలోలు. ఇవి ఎఫ్/5.6 లేదా 6.3 దాకా తెరుచుకుంటాయి కాబట్టి నీడలో పైన చెప్పిన జోడీతో పోలిస్తే ఒకటిన్నర రెట్ల పైనుంచి రెట్టింపు దాకా వెలుతురు వస్తుంది. ఎగిరే పిట్టలకి షట్టర్ 1/2000 పెట్టాలంటే ఆ తేడా కనిపిస్తుంది. వెనకాల ఆకులు కూడా మెత్తగా కరిగిపోతాయి.

పాతికేళ్ల వాళ్లకి మూడు కిలోలు పెద్ద లెక్క కాదు అంటారు. నిజమే. కానీ చేతుల్లో ఎత్తి పట్టుకుని పిట్ట కోసం ఎదురుచూడటం వేరు. అయిదో నిమిషంలో చెయ్యి దిగుతుంది, పిట్ట ఆరో నిమిషంలో వస్తుంది.

ఏ దారికి ఏది

అరకు వైపు వెళ్లేవాళ్లు ముందు రైలా, కారా తేల్చుకోవాలి. కిరండూల్ రైలు ప్రయాణం జీవితంలో ఒకసారైనా చేయాల్సిందే. సొరంగాలు, లోయలు, అద్దాల విస్టాడోమ్ బోగీ. కానీ పిట్టల ఫొటోలకి అది చేసే ద్రోహం ఎవరూ చెప్పరు: విశాఖలో పొద్దున్నే ఎక్కితే అరకులో దిగేసరికి పదకొండు గంటలు అవుతుంది. పిట్టలు కదిలే వేళంతా మీరు సీట్లోనే ఉన్నారు. విస్టాడోమ్ అద్దంలోంచి తీసిన ఫొటోలో పిట్ట కన్నా మీ చొక్కా బాగా పడుతుంది. కాబట్టి రైల్లో వెళ్తే అది ఫొటోల రోజు కాదని ఒప్పుకుని, ఆ రాత్రి త్యాడలోనో అనంతగిరిలోనో అరకులోనో ఉండి, మర్నాడు ఆరింటికి నడక మొదలెట్టాలి. ఈ నడకకి తేలిక జోడీయే. కారులో వెళ్లేవాళ్లు తెల్లవారుజామున నాలుగింటికి బయలుదేరితే ఘాట్ దగ్గరికి వెలుగొచ్చే వేళకి చేరతారు. అప్పుడు పెద్ద లెన్స్ తీసుకోండి, కాఫీ తోటల నీడలో అదే ఆదుకుంటుంది. డిసెంబరు, జనవరిలో మంచు ఎనిమిది దాకా కదలదు. మంచులో ఏ లెన్స్‌తో తీసినా పాలలో ముంచిన పిట్టే. ఆ రెండు గంటలు టీ తాగడానికి, కూత విని పిట్ట ఎక్కడుందో పట్టుకోవడానికి వాడుకోవాలి.

తేలినీలాపురం అయితే లెక్క తిరగబడుతుంది. టెక్కలి దగ్గర ఈ ఊళ్లో గూడబాతులు, అంటే పెలికాన్లు, ఎర్రకాళ్ల కొంగలు ఊరి చెట్ల మీదే గూళ్లు కడతాయి. సెప్టెంబరు, అక్టోబరులో వచ్చి మార్చి దాకా ఉంటాయి. వాటి రాక ఊరికి మంచిదని ఊరివాళ్లు నమ్ముతారు, కొట్టనివ్వరు. రెండున్నర మీటర్ల రెక్కల పిట్ట తలమీంచి వెళ్తుంటే 600 పెట్టినవాడికి ముక్కు మాత్రమే దొరుకుతుంది. మొదటిసారి నాకు అలాగే అయింది: మెమొరీ కార్డు నిండా ముక్కులు, కాళ్లు, ఒక్క పూర్తి పెలికాన్ లేదు. ఇక్కడికి 100-400 చాలు. కొంతమందికి 70-300 కూడా సరిపోతుంది. పెద్ద లెన్స్ ఉంటే అదే రోజు నౌపడ ఉప్పు మడుల దగ్గర వాడుకోండి, ఎండ ముదరకముందే. హైవే మీద విశాఖ నుంచి మూడు గంటల ప్రయాణం, కాబట్టి కారులో రెండూ పడేసుకుని వెళ్లడమే నా అలవాటు. కారుని మించిన చాటు లేదు. మనిషి దిగితే ఎగిరిపోయే పిట్ట కారు పక్కన పది మీటర్లలో మేస్తుంది. ఇంజను ఆపడం మాత్రం మర్చిపోకండి, ఆ వణుకంతా ఫొటోలో వస్తుంది.

కొండకర్ల ఆవ మనకి దగ్గర, యాభై కిలోమీటర్ల లోపు. తామరాకుల మధ్య జకానాలు, నీలిరంగు నీటికోళ్లు. అక్కడ తిరిగేది తాటి బోదెలు తొలిచి జతకట్టిన దోనెలో. ఎక్కాక నీటికి జానెడు ఎత్తులో ఉంటారు. ఫొటోకి అంతకన్నా మంచి ఎత్తు లేదు, పిట్ట కళ్లకి మన కళ్లు సమానంగా వస్తాయి. కానీ ట్రైపాడ్ మాట మర్చిపోండి. నేను ఒకసారి పెద్ద లెన్స్‌తో పక్కకి వంగితే దోనె నడిపే పెద్దాయన "బావూ, అలా ఊగకండి, ఇద్దరం బురదలోకే" అన్నాడు. కాలు మడుచుకుని, మోకాలి మీద మోచెయ్యి ఆనించి తీయాలి. తేలిక జోడీ, నీరు చొరని సంచీ, అంతకు మించి వద్దు.

కాకినాడ దగ్గర కోరంగిలో మడ అడవి మధ్యగా చెక్క వంతెన దారి ఉంది. బావుంటుంది, కానీ ఆదివారం వంద మంది నడుస్తుంటే కింద చెక్కలు ఊగుతాయి, ట్రైపాడ్ మీద పెట్టిన కెమెరా కూడా వాటితో ఊగుతుంది. మామూలు రోజు వెళ్లండి. సముద్రపు నీరు వెనక్కి తీసిన వేళ చూసుకుని వెళ్తే బురద మీద కొంగలు, ఉల్లంకులు మేతకి దిగుతాయి. పోటు మీద ఉంటే నీళ్లు, చెట్లు తప్ప ఏమీ ఉండదు. కొమ్మలు దట్టంగా ఉండటంతో ఆటోఫోకస్ ముందున్న ఆకుని పట్టుకుంటుంది. బ్రిడ్జ్ కెమెరాలు ఇక్కడ బాగా తికమకపడతాయి. సింగిల్ పాయింట్ ఫోకస్ (మనం ఎంచుకున్న ఒక్క చోటే ఫోకస్) పెట్టుకోవడం ముందే ఇంట్లో నేర్చుకుని వెళ్లాలి.

ఒడిశాలో చిలికా ఒడ్డున మంగళాజోడి. రైల్లో బాలుగావ్ దాకా అయిదు గంటలు అటూఇటూ, అక్కణ్నించి ఆటోనో కారో. ఒకప్పుడు పిట్టల్ని వేటాడి అమ్మినవాళ్లే ఇప్పుడు పడవ నడుపుతూ వాటిని చూపిస్తారు. వాళ్ల చూపుకి మన బైనాక్యులర్స్ సాటిరావు. మోటారు లేని నాటుపడవ, గెడతో నెట్టుకుంటూ వెళ్తారు. నవంబరు నుంచి ఫిబ్రవరి దాకా నల్లతోక గాడ్విట్లు గుంపులు గుంపులుగా ఉంటాయి. మనుషులకి అలవాటు పడిన పిట్టలు కావడంతో పడవకి చాలా దగ్గరగానే మేస్తాయి, 400 ధారాళంగా చాలు. అక్కడికి 600 తెచ్చుకుని "దగ్గరైపోయింది, కొంచెం వెనక్కి తీసుకెళ్లు" అని పడవవాణ్ని బతిమాలినవాళ్లని చూశాను. పెద్ద లెన్స్‌కి పనొచ్చేది ఎగిరే గుంపుల దగ్గర, దూరాన గాలిలో తిరిగే గద్దల దగ్గర. రైలు ప్రయాణం కాబట్టి నేను తేలికదే పట్టుకెళ్తాను. ఒకే ఒక్క ఊరికి, కేవలం పిట్టల కోసం, రెండు రోజులు ఉండేలా వెళ్తుంటే మాత్రం పెద్దది తీసుకెళ్లినా తప్పులేదు. ఆ కష్టానికి ఫలితం అక్కడ ఉంటుంది.

విమానంలో వెళ్లేవాళ్లకి దేశీయ విమానాల్లో ఎకానమీ క్యాబిన్ బ్యాగు సాధారణంగా ఏడు కిలోలు. మూడు కిలోల కెమెరా, ల్యాప్‌టాప్, ఛార్జర్లు పెడితే చొక్కాలకి చోటు మిగలదు. కెమెరాని చెక్-ఇన్‌లో వేయాలన్న ఆలోచనే నాకు టెన్షన్. విడి బ్యాటరీలు, పవర్ బ్యాంక్ ఎలాగూ చేతి సంచీలోనే ఉండాలి. కాబట్టి విమానానికి తేలికది, చర్చ లేదు.

ట్రైపాడ్ బదులు బియ్యం

ట్రైపాడ్ ప్రయాణాల్లో నేను మానేసి నాలుగేళ్లయింది. కారుకి బీన్ బ్యాగ్ చాలు. కొనక్కర్లేదు, పాత జీన్స్ కాలు కోసి రెండు వైపులా కుట్టించి, ఒక వైపు జిప్పు పెట్టించాను. ఖాళీగా మడిచి పట్టుకెళ్లి, చేరిన ఊళ్లో రెండు కిలోల బియ్యం కొని నింపి కారు కిటికీ మీద వేస్తాను. వచ్చేటప్పుడు ఆ బియ్యం దిగిన చోట వంటింట్లో ఇచ్చేస్తాను. నడకలకి పెద్ద లెన్స్ తీసుకెళ్తే మోనోపాడ్, అది చేతికర్రగా కూడా పనికొస్తుంది.

కొనాలా, అద్దెకి తెచ్చుకోవాలా?

ఏడాదికి రెండు మూడు ప్రయాణాలే అయితే పెద్ద లెన్స్ కొనకండి. విశాఖలో లెన్సులు అద్దెకిచ్చేవాళ్లు ఉన్నారు. వాళ్ల వ్యాపారం ఎక్కువగా పెళ్లి ఫొటోగ్రాఫర్లతో, కాబట్టి 70-200లు ఎప్పుడూ ఉంటాయి, 150-600 అడిగి ముందే చెప్పి ఉంచాలి. మూఢం నడుస్తున్న రోజుల్లో అడిగితే ముహూర్తాల రద్దీ ఉండదు, బేరమూ కుదురుతుంది. తీసుకునే ముందు లెన్స్ ముందు గాజులోంచి టార్చి వేసి చూడండి. సాలెగూడులాంటి దారాలు కనిపిస్తే అది ఫంగస్. మన తీరంలో గాలిలో తేమ ఎక్కువ, బీరువాలో మూసిపెట్టిన లెన్సుల్లో ఫంగస్ తొందరగా పడుతుంది. సెకండ్‌హ్యాండ్ కొనేటప్పుడు ఈ టార్చి పరీక్ష ఇంకా ముఖ్యం. నేను ఒకసారి పగటి వెలుగులో చూసి కొనేశాను, ఇంటికొచ్చి టార్చి వేస్తే లోపల చెట్టు మొలిచినట్టుంది.

సొంతవాటికి మూత గట్టిగా పడే ప్లాస్టిక్ డబ్బా, దాంట్లో సిలికా జెల్. ఏసీ గదిలోంచి కెమెరాని నేరుగా కోరంగి గాలిలోకి తీస్తే గాజు మీద ఆవిరి పట్టేస్తుంది, పావుగంట ఏమీ కనపడదు. బ్యాగు మూసి ఉంచే బయటికి తెచ్చి, అరగంట ఆగి తెరవాలి.

పెద్ద లెన్స్ తెచ్చే పెద్ద చూపులు

ఇంకో తేడా ఎవరూ పోల్చరు. విశాఖ నౌకాదళం ఉన్న ఊరు. డాల్ఫిన్స్ నోస్, పోర్టు, ఎయిర్‌పోర్టు చుట్టుపక్కల 600 లెన్స్ ఎత్తితే మీరు గద్దని తీస్తున్నారని ఎవరికీ అనిపించదు. రెండుసార్లు నన్ను ఆపి ఫొటోలన్నీ చూశారు, అన్నీ నీటికాకులే అని తేలాక పంపేశారు. నిషేధ బోర్డున్న చోట ఏ కెమెరా అయినా తీయకండి, గొడవే లేదు. అభయారణ్యాల్లో గేటు దగ్గర కెమెరా రుసుము, అనుమతి అడగండి. కొన్నిచోట్ల లెన్స్ సైజుని బట్టి "ప్రొఫెషనలా?" అని అడుగుతారు. చిన్న కెమెరావాళ్లకి ఆ ప్రశ్న రాదు.

గూళ్ల దగ్గర మాత్రం పొడవాటి లెన్సే మేలు. దగ్గరికి వెళ్లక్కర్లేదు కాబట్టి. తల్లి గూడు వదిలి లేస్తే గుడ్లకి, పిల్లలకి ఎండ దెబ్బ, కాకుల దెబ్బ. ఫోనులో పిట్ట కూత పెట్టి పిలవడం కూడా వద్దు. గూడు కనిపిస్తే ఫొటో పెట్టినా ఊరు, చెట్టు రాయకండి.

వచ్చే నెలలో టెక్కలిలో మా బావగారింటి గృహప్రవేశం. కారులోనే వెళ్తున్నాం, అయినా పెద్ద లెన్స్ ఇంట్లోనే ఉంటుంది. డిక్కీలో దాని చోటు మా ఆవిడ ఇత్తడి బిందెకి, రెండు బూందీ డబ్బాలకి కేటాయించింది. 100-400 ముందు సీట్లో నా కాళ్ల దగ్గర, జిప్పు తీసే ఉంటుంది. పొద్దున ఆరింటికి తేలినీలాపురం, ఎనిమిదిన్నరకి వ్రతం పీటల దగ్గర ఉండాలి.